పరగడుపు మాట

నిహార్ మూ వాళ్ళంతా ఇటు రండి, ఇటు, గోడవైపు, అని ఖాకీ స్వెట్టరు అటెండరు హిందీలో కేక పెట్టేసరికి, బెంచీల మీద శాలువాల్లో ముడుచుకుని కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది లేచి నీరసంగా గోడ పక్కన వరుస కట్టారు. తక్కిన సగం మంది తమకేమీ పట్టనట్టు స్వెట్టర్లు అల్లుకుంటూ, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉన్నచోటే ఉండిపోయారు. హైమవతి కూడా లేవలేదు. ఆమెకి లేవాల్సిన పనీ లేదు, ఆమె రక్తపరీక్షకి రాలేదు, లోపల కమలక్క మోకాళ్ళకి కరెంటు పెట్టించుకుంటుంటే బయట ఆవిడ ఫ్లాస్కూ చేతిసంచీ పట్టుకుని తోడు కూర్చోడానికి వచ్చింది, అంతే. కంటోన్మెంటు ఆసుపత్రి వరండా, జనవరి పొద్దు, బయట మంచు ఇంకా విడలేదు, ఎదురుగా ఉన్న వేపచెట్టు ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఆ మాట మాత్రం చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. నిహార్ మూ. ఎక్కడ విన్నానబ్బా అని వెతుక్కోనక్కర్లేకపోయింది, రెండేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో ముక్కు డాక్టరు నోటివెంట విన్న మాట అది. కమలక్క పక్కనే కూర్చుని దానికి తెలుగు కూడా చెప్పింది, అన్నం తిన్నాక అని.

అన్నం తిన్నాక అయితే ఇంతమంది ఇలా మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారేం? ఆ గోడ పక్కన చిన్నపిల్ల ఒకతి బిస్కెట్టు కోసం ఏడుస్తుంటే తల్లి వద్దు వద్దని చెయ్యి వెనక్కి లాగుతోందేం? హైమవతి పక్కన కూర్చున్న పంజాబీ ఆవిడ వైపు తిరిగింది. మూడేళ్ళ ఢిల్లీ కాపురంలో కూడబెట్టుకున్న హిందీ అంతా పోగుచేసి, నిహార్ మూ అంటే క్యా, బహన్‌జీ, అని అడిగింది. ఆవిడ సూదులు ఆపకుండానే, "ఖాలీ పేట్. సుబహ్ సే కుఛ్ ఖాయా నహీఁ, పియా నహీఁ," అని, ఇంకా అర్థం కాలేదేమోనని ఒక చేత్తో తన పొట్ట లోపలికి నొక్కి చూపించింది. అర్థం కాకేం. ఖాలీ పేట్ తెలుసు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, తాగలేదు. పరగడుపు. ఇంత చిన్న మాట, పల్లెటూళ్ళో ఆముదం పట్టేటప్పుడు ముసలమ్మలు కూడా అనే మాట. హైమవతి థాంక్స్ అని చెప్పి ఫ్లాస్కు ఒళ్ళోకి లాక్కుంది, లోపల కాఫీ కదిలిన చప్పుడు వినిపించింది.

పరగడుపు. ఆ డాక్టరు గది కళ్ళముందుకి వచ్చేసింది. తెల్లటి గడ్డం, పెద్ద తలపాగా, కర్నలంత హోదా ఉన్నా తాతగారిలా బేటీ బేటీ అని పిలిచే సర్దార్జీ. చలికాలం వస్తే చాలు హైమవతి ముక్కు మూసుకుపోతుంటే, లోపల ఎముక వంకర పోయిందని చెప్పి, చిన్న ఆపరేషనే అని చెప్పి, చేసేశాడు. చేశాక ముక్కు ఉబ్బి మొహంలో సగం అదే అయింది. అప్పుడాయన బల్ల సొరుగులోంచి ఏదో కంపెనీవాళ్ళు ఇచ్చిపోయిన సీసా తీశాడు, దాని మీద అక్షరాలు ఏ దేశానివో గానీ బొమ్మ మాత్రం శుభ్రంగా అనాసపండుది. అనాస మొదలు, తినకుండా పారేసే మొద్దు ఉంటుందే, దాంట్లోంచి తీస్తారట ఈ మందు, వాపు లాగేస్తుందట. ఆ తరవాత ఆయన చేతులతో చెప్పాడు. అవును, చేతులతో. ముందు పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఏమీ లేదన్నట్టు అరచెయ్యి తిప్పి చూపించాడు, నిహార్ మూ అన్నాడు, ఆ చెయ్యి అలా పైకి తీసుకెళ్ళి ముక్కు దగ్గర పెట్టి, గుప్పిట మెల్లగా విప్పి, వాపు దిగిపోయినట్టు నవ్వాడు. తరవాత అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చేసి, మళ్ళీ పొట్ట తట్టుకుని, హాజ్మా, హాజ్మా, అని ఇంకోరకంగా నవ్వి, చూపుడువేలు అడ్డంగా ఊపాడు. అంతా చెప్పేశాడు ఆ పెద్దమనిషి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాపు మీదికి పోతుంది, అన్నంతో వేసుకుంటే అన్నం అరిగించడంలో పడిపోతుంది, అలా చేయొద్దు. ఒక్క మాట తెలియకపోయినా తెలుసుకోదగ్గ విషయం. తను మాత్రం ఆ చేతుల వంక చూడటం మానేసి కమలక్క వంక చూసింది, ఆవిడ చెప్పేదాకా తనకేదీ అర్థం కానట్టే కూర్చోవడం అప్పటికే అలవాటైపోయింది. ఆవిడ అంది, "పొట్టకీ మంచిది, ముక్కుకీ మంచిది అంటున్నారే. రెండు పూటలా అన్నం తిన్నాక వేసుకోమంటున్నారు."

పైగా తనకి చదువు గర్వం ఒకటి. నర్సాపురంలో భాషాప్రవీణ పాసైన పిల్ల కదా, ఏ మాట విన్నా విగ్రహవాక్యం చెప్పేదాకా నిద్రపట్టదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి రిక్షాలో వస్తూ, నీహారమంటే మంచు కదక్కా, నీహార ముఖమంటే మంచులాంటి మొహమా, లేక మంచు పడే వేళ అనా, పొద్దున్నే వేసుకోమన్నారేమో, అని ఆ ఉబ్బిన ముక్కుతోనే అడిగింది. నీహారం కాస్తా దీహారం అయింది నోట్లో. కమలక్క పడీపడీ నవ్వింది, రిక్షావాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. "నీ సంస్కృతం తగలెయ్య, ఇది పంజాబీవాళ్ళ హిందీనే, భోజనం అయ్యాక అని," అంది. ఎంత దగ్గరికి వచ్చింది తను! పొద్దున్నే అన్నమాట కూడా నోటిదాకా వచ్చింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే నిరాహారం అన్న మాట ఆ నిహార్ లోంచి నిలువెత్తున కనిపించేది, ఇప్పుడు కనిపిస్తున్నట్టే. ఆహారం లేని నోరు. ఇంత తేటగా ఉన్న మాటని మంచుతో కప్పేసుకుంది, ఆ పైన అక్క నవ్వింది కదా అని తనూ నవ్వేసింది.

గోడ పక్కన వరుస కొంచెం కదిలింది. కమలక్క ఇంకా రాలేదు, కరెంటు పెట్టే గది ముందు పచ్చ పరదా అలాగే వేలాడుతోంది. ఆవిడకి తెలియదేమో. ఆ ఆలోచన రాగానే హైమవతి ప్రాణం కాస్త కుదుటపడింది. అవును, తెలియకపోయి ఉంటుంది, తనకే ఇంతకాలం తెలియలేదు, అందరికీ అన్ని మాటలూ తెలియాలని ఎక్కడుంది? కమలక్కకి తెలియదని ఒప్పుకునే అలవాటు లేదు, అదొక్కటే ఆవిడ జబ్బు. వాళ్ళాయన పెద్దిరాజు గారు సుబేదారు అయిన దగ్గర్నుంచీ అంబాలా, మీరట్, జలంధర్ అన్నీ తిరిగిన మనిషి కదా, కూరగాయల బండివాడి దగ్గర కూడా ఉపన్యాసం ఇస్తుంది, ఒకటీ అరా తెలియని మాట వస్తే తోచిన అర్థం చెప్పేసి ముందుకు పోతుంది. అలా పోయి ఉంటుంది. నలుగురిలో పరువు కోసం తోచింది చెప్పడం వేరు, తెలిసి తెలిసి చెప్పడం వేరు. మొదటిదైతే నవ్వేసుకోవచ్చు. రెండోదైతే ఏం చేయాలో హైమవతికి తెలియదు, ఈ ఊళ్ళో తనకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

ఒక్కతే. మొగుడు భీమారావు సైన్యంలో, సిగ్నల్స్‌లో నాయక్, నెలలో సగం రోజులు ఏ ఇసుక ఎడారిలోనో ఎక్సర్‌సైజులో ఉంటాడు, ఉన్న రోజుల్లో నిద్రపోతుంటాడు. కొత్తగా కాపురానికి వచ్చిన వారమే నీళ్ళ పంపు దగ్గర బిందె పెట్టి ఏం మాట్లాడాలో తెలియక నిలబడితే, వెనకనుంచి, "ఏ ఊరమ్మాయ్ మీది, ఆ బిందె పట్టుకోడం చూస్తేనే మనవైపులా ఉన్నావ్," అని వినిపించింది. తణుకు యాస. హైమవతి బిందె వదిలేసి ఏడ్చింది, అంత మంది చూస్తుండగా. ఆ రోజునుంచీ కమలక్క ఆమెకి నోరు, ఆమెకి చెవులు. గ్యాసువాడితో అక్క మాట్లాడుతుంది, రేషన్ కొట్టులో అక్క మాట్లాడుతుంది, బస్సు కండక్టరుతో, దర్జీతో, పక్క క్వార్టరు పంజాబీ ఆవిడతో, అందరితో అక్కే. ఢిల్లీ ఏమందో అక్క చెప్తే తెలియాలి, తను ఏమందో అక్క చెప్తే ఢిల్లీకి తెలియాలి. అదెంత సుఖంగా ఉండేదో! ఎవరి మీదైనా అంతలా ఆనుకోవడం పుట్టింట్లో కూడా ఎరగదు.

ఆ రెండు వారాలూ మాత్రలు ఎంత శ్రద్ధగా మింగింది. అన్నం తినడం, చెయ్యి కడుక్కోవడం, మాత్ర వేసుకోవడం. వాపు ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అని అద్దం ముందు నిలబడి ముక్కు ఇటూ అటూ తిప్పి చూసుకోవడం. ముక్కు ఉన్నచోట ఉన్నట్టే ఉంది గానీ ఆకలి మాత్రం దంచేసింది. తిన్నది తిన్నట్టు అరిగిపోయేది, పప్పన్నం, పెరుగన్నం, మధ్యాహ్నం అటుకులు, ఇంకా ఏమైనా ఉందా అని డబ్బాలు వెతుక్కునేది. భీమారావు ఎడారి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటే, ముక్కు వాపు ఒంటికెక్కిందా?" అన్నాడు. మాత్ర తప్పేం లేదు పాపం. దాన్ని అన్నంతో పంపితే అది అన్నం దగ్గరికే పోయింది, చెప్పిన పని బుద్ధిగా చేసింది. చిన్నప్పుడు అనాస ముక్కలు తిని నాలుక మండి ఏడిస్తే నాన్న అనేవాడు, దాంట్లో ఒక గుణం ఉందమ్మా, మనం దాన్ని నములుతున్నామనుకుంటాం, అది లోపల మనల్ని నములుతుంటుంది అని. అయినా తియ్యగా ఉంటుంది కదా నాన్నా అని మళ్ళీ చెయ్యి చాపేది.

కానీ ఆ సీసాలోంచి కాసిని మాత్రలు కమలక్క అడిగి పట్టుకెళ్ళింది కదూ. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో. ఆపరేషనైన వారంలోపే, సాయంత్రం పూట, చపాతీపిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "మా ఆయనకి తిన్నదగ్గర్నుంచీ ఒకటే ఉబ్బరమే, నీ అనాస మాత్రలు నాలుగు ఇటు పడెయ్యి, ముద్దతో పాటు మింగిస్తే అన్నం అరిగి చస్తుంది," అంది. ముద్దతో పాటు. అన్నం అరిగి. ఆవిడకి తెలిసినట్టే కదా ఆ మందు అన్నంతో పోతే ఏం చేస్తుందో, డాక్టరు చెప్పిన రెండో సగం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది, మరి మొదటి సగమే అర్థం కాకుండా పోయిందా? హైమవతి ఫ్లాస్కు మూత తిప్పింది, మళ్ళీ బిగించింది. లేదు, హాజ్మా అన్న మాట అందరికీ తెలుసు, అదొక్కటీ పట్టుకుని ఉంటుంది. హాజ్మా తెలిసినంత మాత్రాన నిహార్ మూ తెలియాలని లేదు. లేదు. ఎవరో తన తరఫున వాదిస్తున్నట్టు కాకుండా ఎవరో తనతో బేరం ఆడుతున్నట్టుంది ఈ లేదు లేదు అనడం.

ఆ రికార్డింగు గురించి తలుచుకోకూడదనుకుంటుంది, తలుచుకోకుండా ఉన్న రోజు లేదు. కనాట్ ప్లేస్ వెనక సందులో, మెట్లెక్కితే గోడలకి గోనెగుడ్డ కొట్టిన గది, సర్కారు డాక్యుమెంటరీలకి అన్ని భాషల్లోనూ మాటలు అక్కడే చదివిస్తారు. తెలుగుకి ఆడగొంతు కావాలని తెలుగు సంఘంలో ఎవరో చెబితే వెళ్ళింది, అక్క తోడు. దసరాల్లో, ముక్కు బాగున్న రోజుల్లో, గొంతు పరీక్ష. చదవడం అయ్యాక లోపలి అద్దం వెనకనుంచి బెంగాలీ దాదా బయటికి వచ్చి, కళ్ళు మూసుకుని తలాడిస్తూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు ఏదో అన్నాడు. అంత పొడుగు మాటనీ అక్క, "ఫర్వాలేదట," అని తేల్చేసింది. ఫర్వాలేదట! గుండె మీద చెయ్యి పెట్టుకుని ఎవరైనా ఫర్వాలేదంటారా? ఆ ఫర్వాలేదన్న మాటకే తను ఆ రాత్రంతా పొంగిపోయింది. తన గొంతు దేశమంతా సినిమా హాళ్ళలో వినిపిస్తుందట, నర్సాపురంలో నాన్న టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి వింటాడట. ఒక మనిషికి ఒంట్లో ఏదో ఒకటి తనదని అనిపిస్తుంది, కొందరికి కళ్ళు, కొందరికి జుట్టు, హైమవతికి గొంతు. ఏషియాడ్ ఆటల కోసం ఊరు ఎలా మారిపోతోందో చెప్పే చిత్రం అది, కొత్త వంతెనలు, కొత్త స్టేడియాలు. మాఘమాసం వచ్చేసరికి, ఆపరేషను వాపు ఇంకా దిగకుండానే, రికార్డింగు. మైకు ముందు నిలబడి మొదటి వాక్యం చదివింది. మన మహానగరం నేడు నవనవోన్మేషంగా నిలిచింది అని కాగితంలో ఉంది. బద బహాదగరం దేడు దవదవోద్బేషంగా దిలిచింది అని గదిలో వినిపించింది. దాదా మళ్ళీ అన్నాడు, మళ్ళీ చదివింది, మళ్ళీ బద బహాదగరమే. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వేడినీళ్ళు తెప్పించారు, ఆవిరి పట్టించారు, ముక్కు గట్టిగా చీదమన్నారు. ముక్కులోంచి నెత్తురు చుక్క కాగితం మీద పడింది. అప్పుడు దాదా గడియారం చూసుకుని, గోడవారగా స్టూలు మీద కూర్చున్న కమలక్క వైపు చూసి, ఆప్ పఢేంగీ? అని అడిగాడు, మీరు చదువుతారా అని. అది మాత్రం ఎవరూ తర్జుమా చేయకుండానే హైమవతికి అర్థమైంది.

అక్క వద్దనలేదు. ముందు ఒక్కసారి అయ్యో అంది, తరవాత లేచి కొంగు సర్దుకుంది. హైమవతి చేతిలోంచి కాగితం తీసుకుంది, ఆ నెత్తురు చుక్కతో సహా. చదివింది. తడబడకుండా చదివింది, ఇంట్లో ఎప్పుడూ పుస్తకం ముట్టుకోని మనిషి, ఒత్తులూ సరళాలూ ఎక్కడివక్కడ పెట్టి చదివింది. అప్పుడు హైమవతి అనుకుంది, అబ్బ, మా అక్కకి ఎన్ని కళలు అని. ఇప్పుడు అనుకుంటోంది, అంత సాఫీగా రావాలంటే ఆ కాగితం ఎన్నిసార్లు చదివి ఉండాలి? కాగితం రికార్డింగుకి వారం ముందే ఇంటికి వచ్చింది, అక్క రోజూ వచ్చి, ఏదీ చదవవే వింటాను, అని కూర్చునేది, ముక్కుతో చదవలేకపోతే, పోనీ నేను చదువుతా నువ్వు విను, నీకు మనసులో పడుతుంది, అనేది. ఎంత ప్రేమ అనుకుంది. ఇంటికి వచ్చే దారిలో బస్సులో అక్క ఆమె చెయ్యి పట్టుకుని, "నీ సీటు ఇంకెవరూ లాక్కోకుండా నేను కూర్చున్నానంతే, ముక్కు బాగవగానే నువ్వే వెళ్ళు," అంది. వేసవికల్లా ముక్కు బాగైంది. సీటు మాత్రం ఖాళీ కాలేదు. మలేరియా మీద చిత్రం, పొదుపు మీద చిత్రం, కుటుంబ నియంత్రణ మీద చిత్రం, అన్నిటికీ కమలాకుమారి గొంతే. అడుగుదామా వద్దా అని హైమవతి మొహమాటపడుతుంటే అక్కే ఒకసారి అంది, "దాదాని అడిగానే, నీ గొంతు మైకుకి సరిపడదంటున్నాడు, ఏం చేస్తాం."

ఆ చిత్రం మొదటిసారి విన్నది ఒక ఆదివారం పొద్దుటి ఆట తెలుగు సినిమాకి వెళ్ళినప్పుడు. అసలు సినిమాకి ముందు తెరమీద వంతెన కనిపించింది, చీకట్లో మన మహానగరం అన్న గొంతు లేచింది, శుభ్రమైన మకారం, శుభ్రమైన నకారం. హాల్లో ఢిల్లీ తెలుగువాళ్ళంతా చప్పట్లు కొట్టారు, మన సుబేదారు గారి ఆవిడే, మన కమలాకుమారే అని. హైమవతి కూడా కొట్టింది. అరచేతులు మండేలా కొట్టింది, పక్కవాళ్ళు ఏమైనా అనుకుంటారేమోనని. విశ్రాంతిలో అందరూ చుట్టూ చేరితే అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అంతా మా హైమ చలవే, తనే నన్ను అక్కడికి తీసుకెళ్ళింది," అంది. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఇప్పుడు ఒళ్ళు మండిస్తోంది. గొంతు పోయినందుకు కాదు, ఆ మాత్ర పరగడుపున వేసుకున్నా వాపు పోయేదో లేదో ఆ దేవుడికే తెలుసు, పోయినా ఆ దాదాకి నచ్చేదో లేదో. గొంతు పోవడం తన కర్మ అనుకుని రెండేళ్ళు బతికేసింది, దానికి అలవాటు పడిపోయింది. కానీ ఆ రెండేళ్ళూ తను ఏడ్చినప్పుడల్లా ఆవిడ ఒళ్ళోనే తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ తల నిమిరింది. తెలిసీ నిమిరిందా?

పక్క క్వార్టరు పంజాబీ ఆవిడ సంగతేమిటి మరి? కొత్తలో ఒకరోజు ఆవిడ స్టీలు గిన్నెలో వేడివేడి పాయసం తెచ్చి, బుగ్గ పుణికి, నవ్వుతూ చాలా చెప్పింది. అక్క అక్కడే ఉంది. "గిన్నె తొందరగా తిరిగిచ్చెయ్యమంటోంది," అంది. హైమవతికి మొహం మాడిపోయింది, అప్పటికప్పుడు పాయసం వేరే గిన్నెలోకి వంపి, ఆ గిన్నె తోమి, ఆవిడ చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. ఆవిడ మొహంలో నవ్వు ఎలా ఆరిపోయిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ తరవాత ఎదురుపడితే ఇద్దరూ తల తిప్పుకుంటున్నారు. గిన్నె అన్న మాట ఆవిడ అందా అసలు? హైమవతి అప్పుడు విన్న శబ్దాలన్నీ మళ్ళీ చెవిలో వేసుకుని చూసింది, ఇప్పుడు వచ్చిన ఈ కాస్త హిందీతో. బేటీ జైసీ అన్నట్టుంది. అకేలీ మత్ సమఝ్‌నా అన్నట్టుంది. నా కూతురిలాంటి దానివి, ఒంటరిదాన్ని అనుకోకు. నిజంగా అందో, తనే ఇప్పుడు కల్పించుకుంటోందో. ఒక్క మాట చెడేసరికి ఢిల్లీ మొత్తం చెడిపోయింది, ఏది ఎవరన్నారో ఏది అక్క అందో విడదీయడం ఇక ఎవరివల్లా కాదు. మూడేళ్ళుగా తను ఢిల్లీలో లేదు, కమలక్క నోట్లో కాపురం ఉంది.

చాల్లే, అంత దూరం పోకూడదు. పాపం మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ వస్తుంది ఇప్పుడు, తణుకు నుంచి వచ్చిన మాగాయ సగం తనకే పెట్టిన మనిషి, జ్వరం వస్తే మూడు రోజులు గంజి కాచి పోసిన మనిషి. అడిగేస్తే? ఏమని అడుగుతుంది? అక్కా, నిహార్ మూ అంటే ఏంటని సూటిగా అడిగితే ఆవిడ తెలివైంది, ఇట్టే పసిగడుతుంది, అయ్యో నాకప్పుడు తెలియలేదే అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, అది నిజమో కాదో మళ్ళీ తనకి తెలియదు. అడగకుండా ఉంటే? ఉండొచ్చు. ఇంటికెళ్ళి కాఫీ తాగి, రేపు మళ్ళీ గ్యాసువాడితో మాట్లాడిపెట్టమని ఆవిడ గుమ్మం ముందు నిలబడొచ్చు. తెలియదులే, ఆవిడకి తెలియదులే అని రోజూ అనుకుంటూ ఉండొచ్చు. హైమవతికి ఆ క్షణాన ఎంత ఆశగా ఉందంటే, దేవుడా, ఆవిడకి ఆ మాట తెలియకుండా ఉంటే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది. పోయిన గొంతు కూడా వద్దు.

పచ్చ పరదా కదిలింది. కమలక్క బయటికి వచ్చింది, నడుం మీద ఒక చెయ్యి, గోడ మీద ఒక చెయ్యి, నొప్పికి మొహం చిట్లించుకుని, అయినా చుట్టూ అందర్నీ పలకరింపుగా చూస్తూనే. గోడ పట్టుకుని వస్తూ వస్తూ ఆ వరుస దగ్గరే కాస్త ఆగింది, ఊపిరి తీసుకోడానికి. అటెండరు ఆవిణ్ణి కూడా రక్తపరీక్షకి వచ్చినావిడే అనుకున్నాడు.

"మాతాజీ, నిహార్ మూ హో నా?"

"అరే నహీఁ భయ్యా," అంది కమలక్క, అతను అడిగిన నోరు మూయకముందే, చెయ్యి ఊపి నవ్వేస్తూ. "దో పరాఠే ఖాకే ఆయీ హూఁ, చాయ్ కే సాథ్!"

రెండు పరాఠాలు తినొచ్చాను, టీతో సహా. వరుసలో ఆకలితో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. హైమవతి చేతుల్లో ఫ్లాస్కు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చేతులు ఏం చేసేవో. ఆవిడ ఒక్క క్షణం వెతుక్కోలేదు, ఏమన్నావ్ భయ్యా అనలేదు, నీళ్ళు అన్నం అన్నంత మామూలుగా ఆ మాట ఆవిడకి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. ఇంత నొప్పిగా ఉంటుందని హైమవతి అనుకోలేదు. ఏదో తెగిపోతుందనుకుంది గానీ, తెగకుండా ఇలా లాగుతూ ఉంటుందని అనుకోలేదు. కమలక్క దగ్గరికి వచ్చేసింది, "ఏవే, అలా బెల్లంకొట్టిన రాయిలా కూచున్నావ్, లే, ఆ శాలువా ఇలా ఇయ్యి," అంటోంది. ఇంకొక్క అవకాశం. ఇప్పుడు నిజం చెప్తే చాలు, నవ్వుతూ చెప్పినా సరే, మర్చిపోయి చెప్పినా సరే, పరగడుపునా అని అడుగుతున్నాడే అని ఒక్క ముక్క అంటే చాలు, ఆ సీసా, ఆ కాగితం, ఆ చప్పట్లు అన్నీ ఇక్కడే ఈ బెంచీ కింద పారేసి ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోతాను.

"ఏమడిగాడక్కా ఆయన?" అంది హైమవతి.

కమలక్క శాలువా మెడ చుట్టూ వేసుకోబోతూ ఆగింది. ఆవిడ కళ్ళు ఒక్కసారి గోడ పక్కన వరుస మీదికి పోయాయి, అక్కణ్ణించి హైమవతి ముక్కు మీదికి వచ్చాయి, చటుక్కున కిందికి దిగిపోయాయి. శాలువా కొస సర్దుకుంది, అవసరం లేకపోయినా ఇంకోసారి సర్దుకుంది.

"ఏముంది, పేరేంటని అడుగుతున్నాడు. పద పద, చలి చంపేస్తోంది."

హైమవతి లేచింది. ఫ్లాస్కూ చేతిసంచీ ఆవిడ రెండు చేతుల్లోనూ పెట్టింది.

"పేరడిగితే రెండు పరాఠాలని చెప్పారేంటండీ, కమలాకుమారి గారూ?"